నడుము నొప్పి, కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు పరుపు ఎంత గట్టిగా ఉండాలి?

#1 తొలిఝాము

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. విషయం కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

నాకు 53 ఏళ్లు, బరువు 61 కిలోలు. నడుము కింది భాగంలో నొప్పి ఆరేళ్లుగా ఉంది. రెండేళ్ల నుంచి ఎడమ తుంటి, మోకాళ్లు, చేతివేళ్ల కణుపులు కూడా నొప్పి పెడుతున్నాయి. డాక్టరు గారు చూసి కీళ్ల అరుగుదల అన్నారు. నడుము విషయంలో భయపడాల్సిందేమీ లేదు, కండరాలు బలపడాలి అన్నారు.

పాత పరుపు మధ్యలో గుంట పడిందని ఎనిమిది నెలల కిందట కొత్తది కొన్నాం. నడుము నొప్పి అనగానే షాపులో ఇంకో మాట లేకుండా ‘ఆర్థోపెడిక్’ అని రాసి ఉన్న బాగా గట్టి పరుపు చూపించారు. చేత్తో నొక్కితే వేళ్లు దిగవు. అదే మంచిదనుకుని తెచ్చుకున్నాం. కొత్తలో అలవాటు పడాలిలే అని సరిపెట్టుకున్నాను. ఇప్పటికీ రాత్రి రెండింటికో మూడింటికో ఎడమ తుంటి మండిపోతూ మెలకువ వస్తుంది. కుడివైపు తిరిగితే అరగంటకి భుజం తిమ్మిరెక్కుతుంది. వెల్లకిలా పడుకుంటే నడుము కింద అరచెయ్యి దూరిపోయేంత ఖాళీ. ఇలా తెల్లారేదాకా దొర్లడమే. పొద్దున కాళ్లు కింద పెట్టాక పావుగంట మంచం పట్టుకుని నిలబడాలి.

మావారు 94 కిలోలు. ఆయనకి అదే పరుపు హాయిగా ఉంది, పడుకున్న చోటే తెల్లారుతుంది.

మెత్తటిది కొంటే ఉన్న నడుము కూడా పోతుందని అందరూ అంటున్నారు. నిజమేనా? ఎంత గట్టిగా ఉండాలో మనంతట మనం ఎలా తెలుసుకోవాలి?

#2 నేలపడక

అమ్మా, నా అనుభవం చెబుతాను. పదకొండేళ్ల కిందట నడుము పట్టేసి వారం రోజులు లేవలేకపోయాను. అప్పటి నుంచి పరుపు మానేశాను. నేల మీద పల్చటి బొంత వేసుకుని పడుకుంటున్నాను. మళ్లీ అంత నొప్పి రాలేదు. మెత్తదనమే నడుముకి శత్రువు. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి, మార్చకండి.

#3 కదలిక

తొలిఝాము గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. పదిహేడేళ్లుగా నా రోజంతా నడుము నొప్పి వాళ్లతోనే గడుస్తుంది. మీరు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను: నడుము కింద అరచెయ్యి దూరిపోయేంత ఖాళీ. అసలు సంగతి అక్కడే ఉంది.

గట్టిదనం వేరు, ఊతం వేరు. పడుకోగానే ఒంటికి తగిలేది గట్టిదనం. రాత్రంతా వెన్ను వంకర పోకుండా మోసేది ఊతం. వెన్ను కర్రలా తిన్నగా ఉండదు కదా, మెడ దగ్గర, నడుము దగ్గర లోపలికి వంపు ఉంటుంది. పరుపు మరీ గట్టిదైతే వెల్లకిలా పడుకున్నప్పుడు బరువంతా వీపు పైభాగం, పిరుదులు, మడమల మీదే ఆగిపోతుంది. నడుముకి కింద ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఒత్తిగిలితే ఇంకా కష్టం. భుజం, తుంటి ఎముక లోపలికి దిగడానికి చోటుండదు కాబట్టి ఆ రెండు చోట్లే ఒత్తిడి పడుతుంది. మీ తుంటి మంట, భుజం తిమ్మిరి రెండూ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. పరుపు మరీ మెత్తదైతే పిరుదులు కూరుకుపోయి వెన్ను ఊయలలా వంగుతుంది. అదీ నొప్పే.

‘గట్టి పరుపే మంచిది’ అని డాక్టర్లు కూడా చాలాకాలం చెప్పారు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిని రెండు గుంపులు చేసి, ఒకళ్లకి గట్టి పరుపు, ఇంకొకళ్లకి మధ్యరకం పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు. 1 అంటే అన్నిటికన్నా గట్టిది, 10 అంటే అన్నిటికన్నా మెత్తది అనుకునే యూరప్ కొలతలో ఆ గట్టి పరుపు 2.3, మధ్యరకం 5.6. పడుకున్నప్పుడు నొప్పి, లేచేటప్పుడు నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, మూడూ మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ తగ్గాయి. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరికీ గట్టి పరుపే చెప్పేదాన్ని. అలా చెప్పినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈరాత్రే ఇలా చేసి చూడండి. వెల్లకిలా పడుకుని, కాళ్లు చాపి, నడుము వంపు కింద అరచెయ్యి పెట్టండి. చెయ్యి అటూ ఇటూ ఖాళీగా ఆడుతుంటే పరుపు మీకు మరీ గట్టిది. ఎంత తోసినా దూరకపోతే మరీ మెత్తది. కాస్త బిగువుగా దూరాలి. తర్వాత ఒత్తిగిలి పడుకుని మీవారిని వెనక నుంచి ఫోటో తీయమనండి. మెడ నుంచి నడుము కింది దాకా వెన్ను ఒకే గీతలో ఉందా, ఎక్కడైనా వంగిందా అన్నది ఫోటోలో బాగా తెలుస్తుంది. వదులు బట్టలు వద్దు, వెన్ను కనిపించదు.

ఇంకో చిన్న పని. ఒత్తిగిలినప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి, మోకాళ్ల నుంచి చీలమండల దాకా ఆనేంత పొడుగుది. పై కాలు ముందుకు పడి నడుముని మెలితిప్పకుండా ఆపుతుంది. వెల్లకిలా అయితే మోకాళ్ల కింద.

#4 పరుపుపని

నేను పద్నాలుగేళ్లు పరుపుల తయారీలో పనిచేశాను. ఫోమ్ కోసే మిషన్ దగ్గర మొదలుపెట్టి నాణ్యత చూసే విభాగం దాకా వచ్చాను. కదలిక గారు ఒళ్లు గురించి చెప్పారు కాబట్టి నేను పరుపు లోపలి సంగతి చెబుతాను.

ముందు ఆ ‘ఆర్థోపెడిక్’ అన్న మాట. దాని వెనక అందరూ పాటించాల్సిన ఒకే ప్రమాణం అంటూ లేదు. ఎవరి పరుపు మీద వాళ్లు రాసుకోవచ్చు. ఆ అక్షరాలు చూసి కొనకండి. ‘ఫర్మ్’, ‘మీడియం ఫర్మ్’ కూడా అంతే. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ గట్టిదానితో సమానంగా ఉండొచ్చు.

పరుపులో కనీసం రెండు భాగాలు ఉంటాయి. అడుగున మోసే భాగం, పైన ఒంటికి తగిలే పొర. నడుము నొప్పి, కీళ్ల నొప్పి రెండూ ఉన్నవాళ్లకి నేనెప్పుడూ ఒకటే చెబుతాను: అడుగు గట్టిగా ఉండాలి, పైన రెండు మూడు అంగుళాలు ఒంటికి లొంగాలి. నడుముని అడుగు భాగం కాస్తుంది, కీళ్లని పైపొర కాస్తుంది. తొలిఝాము గారి పరుపులో ఆ పైపొర లేదు, లేదా ఉన్నా పేరుకే ఉంది.

డెన్సిటీ అంటే గట్టిదనం అనుకుంటారు చాలామంది. షాపులో కూడా అలాగే చెప్పేస్తారు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. అది ఎక్కువ ఉంటే మన్నిక ఎక్కువ, తొందరగా గుంట పడదు. 50 కిలోల డెన్సిటీ ఉన్న ఫోమ్ వెన్నలా మెత్తగానూ ఉండొచ్చు. గట్టిదనాన్ని కొలిచే పద్ధతి వేరు. నాలుగు అంగుళాల మందం ముక్కని 50 చదరపు అంగుళాల గుండ్రటి పలకతో నొక్కి, మందంలో పాతిక శాతం లోపలికి దిగడానికి ఎంత బలం కావాలో చూస్తారు. కొనేటప్పుడు రెండూ అడగండి. చెప్పలేకపోతే కనీసం పైపొర దేనితో చేశారో, ఎన్ని అంగుళాలో చెప్పమనండి.

రకాలు క్లుప్తంగా చెబుతాను. కొబ్బరి పీచు పరుపు, ముక్కలు అతికించి చేసే రీబాండెడ్ ఫోమ్ బాగా గట్టివి. అడుగు భాగానికి మంచివి, నేరుగా కీళ్లకి మంచివి కావు. స్ప్రింగుల్లో బోనెల్ అంటే అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఒకళ్లు కదిలితే ఇంకొకళ్లు ఊగుతారు. పాకెట్ స్ప్రింగులు దేని సంచిలో అది, కాబట్టి తుంటి దగ్గర దిగి నడుము దగ్గర నిలబడగలవు. మెమరీ ఫోమ్ 1966లో నాసా ఏమ్స్ కేంద్రం కోసం చేసిన పనిలో పుట్టింది. ఒంటి వేడికి మెత్తబడి ఒంటి ఆకారానికి సర్దుకుంటుంది, తుంటికి భుజానికి నిజంగా సుఖం. కానీ చల్లటి గదిలో అదే ఫోమ్ గట్టిగా తగులుతుంది, వేడిని కూడా పట్టి ఉంచుతుంది. రబ్బరు చెట్టు పాలతో చేసే లేటెక్స్ నొక్కితే దిగి వెంటనే పైకి లేస్తుంది. అందులో టాలలే పద్ధతిలో చేసింది డన్‌లప్ పద్ధతిలో చేసినదాని కంటే మామూలుగా మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. రబ్బరు పాలంటే ఎలర్జీ ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు.

బరువు సంగతి మర్చిపోకండి. 94 కిలోల మనిషికి మధ్యరకంగా తగిలే పరుపు 61 కిలోల మనిషికి రాయిలా తగులుతుంది. పరుపు మారలేదు, దాని మీద పడే బరువు మారింది. మీ ఇద్దరికీ ఒకే పరుపు మీద రెండు వేరు వేరు రాత్రులు నడుస్తున్నాయి.

#5 నిదానంగా

నాకు పదమూడేళ్లుగా కీళ్లవాతం, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. అరుగుదల వల్ల వచ్చే నొప్పి వేరు, వాపుతో వచ్చే మా నొప్పి వేరు, కానీ రాత్రి పడక దగ్గర ఇద్దరి అవస్థా ఒకటే.

మెమరీ ఫోమ్ గురించి ఒక మాట. రెండేళ్లు దాని మీద పడుకున్నాను. పడుకున్నంతసేపూ స్వర్గం. పక్క తిరగాలంటేనే తెలుస్తుంది. ఒంటి కింద గుంతలా దిగి, ఆ గుంతలోంచి బయటికి రావాలి. నా మణికట్లు వాచి ఉన్న రోజుల్లో చేతులు ఊని తిరగలేను. మోచేత్తో తోసుకుంటే ఫోమ్ కిందికే దిగిపోతుంది తప్ప ఒళ్లు కదలదు. ఒకరాత్రి తిరగలేక మావారిని లేపాను. కళ్లనీళ్లు వచ్చాయి.

ఇప్పుడు పాకెట్ స్ప్రింగుల మీద రెండంగుళాల లేటెక్స్ పొర. తుంటికి అంతే మెత్తగా ఉంది, తిరిగేటప్పుడు పరుపే కాస్త ఎత్తి ఇస్తున్నట్టు ఉంటుంది. చేతుల్లో బలం తక్కువున్నవాళ్లు షాపులో పడుకుని ఊరుకోకండి. అటు ఒకసారి ఇటు ఒకసారి తిరగండి, చేతులు వాడకుండా లేచి కూర్చోండి. సిగ్గుపడకండి.

#6 నేలపడక

అన్నీ చదివాను. కదలిక గారూ, మరి నాకు నేల మీద ఎలా తగ్గింది? గట్టిగా అడుగుతున్నానని అనుకోకండి, తెలుసుకుందామనే.

#7 కదలిక

అడగాల్సిన ప్రశ్నే అడిగారండీ. మీరు ఎక్కువగా వెల్లకిలా పడుకుంటారా? సన్నటి మనిషా? కీళ్ల నొప్పులు లేవా? మూడింటికీ అవునంటే నేల మీకు సరిపడి ఉండొచ్చు. ఇంకోటి. హఠాత్తుగా పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ సమయంలో ఏం మార్చినా దానివల్లే తగ్గిందనిపిస్తుంది. మీకు హాయిగా ఉంటే మార్చుకోవాల్సిన పనేమీ లేదు. కానీ మోకాళ్లు అరిగినవాళ్లకి నేల మీద నుంచి లేవడమే రోజూ ఒక గండం. వాళ్లకి నేను నేలపడక చెప్పను.

#8 నేలపడక

వెల్లకిలానే, 57 కిలోలు, కీళ్లు బాగానే ఉన్నాయి. తొలిఝాము అమ్మా, ఇందాక మార్చొద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా ఒళ్లు వేరు, మీ ఒళ్లు వేరు.

#9 రాత్రిబండి

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాకు 29. రెండేళ్లలో మూడు పరుపులు మార్చాను: గట్టిది, మెమరీ ఫోమ్, ఇప్పుడు లేటెక్స్. ఏదీ పనిచేయలేదు. రోజూ తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య నడుము కింద, పిరుదుల లోపల నొప్పితో మెలకువ వస్తుంది. ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు. లేచి హాల్లో అటూ ఇటూ తిరిగితే తగ్గుతుంది. పొద్దున గంటన్నర దాకా నడుము బిగుసుకుపోయి ఉంటుంది. సెలవు రోజు ఎక్కువసేపు పడుకుంటే ఇంకా ఎక్కువ. ఆఫీసులో కూర్చుని పని కదా, అందుకే అని ఒక క్లినిక్‌లో నొప్పి మాత్రలు రాసి పంపేశారు. నాలుగో పరుపు ఎలాంటిది తీసుకోమంటారు?

#10 కదలిక

బాబూ, నాలుగో పరుపు కొనకు. ముందు రుమటాలజిస్టుని, అంటే కీళ్ల వాపు జబ్బులు చూసే డాక్టరుని కలువు, ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకో.

పరుపు వల్ల వచ్చే నొప్పి లేచి కాస్త తిరిగాక అరగంటలోపు సర్దుకుంటుంది, వేరే పడక మీద పడుకుంటే తేడా తెలుస్తుంది. నువ్వు చెప్పింది అలా లేదు. 45 ఏళ్లలోపు మొదలవడం, మూడు నెలలు దాటడం, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గడం, రాత్రి రెండో సగంలో లేపడం, పిరుదుల్లో అటూ ఇటూ మారడం. ఇవన్నీ కలిస్తే వెన్నులో, కటి కీళ్లలో (వెన్ను అడుగు భాగం కటి ఎముకని కలిసే చోట) వాపు ఉందేమో చూడాలి. స్పాండిలైటిస్ రకం జబ్బుల్లో ఇలాగే ఉంటుంది. అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ పరీక్ష చేయించకుండా ఉండకూడదు. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో ఏమీ కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అని ఎవరైనా అంటే అక్కడితో ఆగిపోకు. పైన రాసిన లక్షణాలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లు, డాక్టరు ముందు సగం మర్చిపోతాం.

#11 నిర్వాహకులు

ఈ చర్చ చదివే అందరికీ. నడుము నొప్పితో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా, కాలు బలహీనపడుతున్నా ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ రావడం, పడిపోయాక మొదలైన నొప్పి ఉంటే వెంటనే డాక్టరుకి చూపించండి. ఇక్కడి సలహాలు పరుపు వరకే.

#12 తొలిఝాము (ఆరు రోజుల తర్వాత)

కదలిక గారు చెప్పిన పరీక్షలు చేశాను. నడుము కింద చెయ్యి పెడితే పిడికిలి కూడా పట్టేలా ఉంది. ఫోటో చూసి మావారే ఆశ్చర్యపోయారు. భుజం దిగడానికి చోటు లేక పైకి తోసినట్టు ఉంది, వెన్ను నడుము దగ్గర కిందికి వంగిపోయి ఉంది.

పైపొర అన్నారు కదా, కొనేముందు ఇంట్లో ఉన్నవాటితో చూద్దామనిపించింది. రెండు మందపాటి బొంతలు మడిచి నా వైపు పరిచి, మీద దుప్పటి బిగించాను. మంచం పక్కన చిన్న పుస్తకం పెట్టుకుని పొద్దున్నే మూడు అంకెలు రాశాను: ఎన్నిసార్లు లేచాను, లేచాక ఎన్ని నిమిషాలు బిగుసుకుని ఉన్నాను, నొప్పి పదికి ఎంత.

బొంతలు వేయకముందు రెండు రాత్రులు: 4 సార్లు, 15 నిమిషాలు, 6. మళ్లీ 4, 20, 6.
బొంతలతో: 3, 15, 5. తర్వాత 2, 10, 5. తర్వాత 2, 10, 4. నాలుగో రాత్రి బొంతలు జరిగి నడుము కింద ముద్దయ్యాయి, అది లెక్కలో వేసుకోలేదు.

మోకాళ్ల మధ్య దిండు మొదటిరోజు చిరాకుగా ఉంది, ఇప్పుడు లేకపోతే వెతుక్కుంటున్నాను. పరుపు మొత్తం మార్చాలా, పైపొర చాలా?

#13 పరుపుపని

పైపొర చాలండీ. బొంతలకే ఇంత తేడా వచ్చిందంటే అడుగు భాగం పనికొస్తోందన్నమాట. పరుపు గట్టిగా ఉండి, గుంట పడకుండా ఉంటే టాపర్ (పరుపు మీద విడిగా పరిచే పైపొర) వేసి మెత్తబరచొచ్చు. గుంట పడిన పరుపు మీద ఎంత ఖరీదైన టాపర్ వేసినా అది కూడా ఆ గుంటలోకే వంగుతుంది. ఇది చాలామంది చేసే పొరపాటు.

మీ బరువుకి రెండంగుళాల మెత్తటి లేటెక్స్ చూడండి. ఒక్క అంగుళమైతే తుంటి ఎముక దాన్ని దాటి అడుక్కి తగులుతుంది. మూడు దాటొద్దు. మీ వైపు మాత్రమే సింగిల్ సైజు వేసుకోండి, మీవారి వైపు కదిలించకండి. షాపులో చూసేటప్పుడు మీరు రోజూ పడుకునే భంగిమలో, మీ దిండుతో, కనీసం పది పదిహేను నిమిషాలు పడుకోండి. చేత్తో నొక్కి చూడటం దండగ, అరచేతికి తెలిసేది తుంటికి తెలియదు.

మంచం కూడా చూడండి. అడ్డపట్టీల మధ్య సందు మూడు అంగుళాలు దాటితే ఫోమ్, లేటెక్స్ ఆ సందుల్లోకి దిగుతాయి. మీద ఒక ప్లైవుడ్ పలక వేస్తే సరిపోతుంది, గాలి ఆడటానికి నాలుగు చిల్లులు పెట్టించండి.

#14 మధ్యగుంట

గుంట మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా పరుపు మూడేళ్లకే కుంగింది. పదేళ్ల వారంటీ ఉందని ధైర్యంగా ఉన్నాం. వాళ్ల మనిషి వచ్చి, పరుపు మీద ఎవరూ లేనప్పుడు కొలిచి, కాగితంలో రాసిన లోతు కంటే తక్కువే ఉందని వెళ్లిపోయాడు. పడుకుంటే ఇద్దరం మధ్యలోకి జారిపోతున్నాం, ఆ సంగతి వాళ్ల లెక్కలో లేదు. చాలా బాధేసింది. వారంటీ ఎన్నేళ్లు అన్నది కాదు, ఎంత లోతు గుంటకి వర్తిస్తుందో కొనేముందే చదవండి. ఇంట్లో మీరే కొలుచుకోవచ్చు: పరుపు మీద అడ్డంగా తిన్నటి కర్ర పెట్టి, గుంట దగ్గర స్కేలు దించండి. మాది అంగుళం పావు ఉంది.

మూడు నాలుగు నెలలకోసారి తలవైపు కాళ్లవైపుకి తిప్పి వేయండి. మేము ఒక్కసారి కూడా తిప్పలేదు.

#15 అమ్మకోసం

మా అమ్మకి 76. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, నడుము కూడా నొప్పి. సుఖంగా ఉంటుందని నేనే మూడంగుళాల మెత్తటి టాపర్ తెచ్చి వేశాను. పడుకుంటే బాగుందంటుంది, కానీ లేవలేకపోతోంది. అంచున కూర్చోగానే అంచు కుంగిపోతుంది, ముందుకి జారుతుంది. రెండుసార్లు పడబోయింది. రాత్రి బాత్రూంకి వెళ్లాలంటే నన్ను పిలవడానికి మొహమాటపడి నీళ్లు తాగడం తగ్గించేసింది. ఆ సంగతి నాకు మొన్ననే తెలిసింది. పరుపు తీసేయనా?

#16 నిదానంగా

చదువుతుంటే మనసు కలుక్కుమంది. మా అత్తగారూ ఇలాగే చేసేవారు. వెంటనే మార్చండమ్మా, ఆలోచించకండి. ఆ వయసులో సరైన పరుపంటే ముందు లేవగలిగే పరుపు, తర్వాతే మిగతావన్నీ.

#17 కదలిక

అవును. అమ్మగారిని గట్టి కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. మంచం అంచున ఆవిడ కూర్చున్నాక, అంటే పరుపు కుంగిన తర్వాత, ఎత్తు ఆ కొలత కంటే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, తుంటి మోకాళ్ల కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. అప్పుడు లేవడానికి మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. టాపర్ తీసేసి ఒకటిన్నర అంగుళాలది, కాస్త బిగువైనది వేయండి.

లేచే పద్ధతి కూడా నేర్పండి. వెల్లకిలా నుంచి నేరుగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, భుజాలు తుంటి కలిపి ఒకేసారి పక్కకి దొర్లాలి. కాళ్లు మంచం బయటికి జారవిడుస్తూ చేతులతో తోసుకుని కూర్చోవాలి. కాళ్ల బరువే ఒంటిని పైకి లేపుతుంది. కూర్చున్నాక ఒక నిమిషం ఆగి నిలబడాలి. దారిలో చిన్న లైటు పెట్టండి. నీళ్లు తగ్గించొద్దని నా మాటగా చెప్పండి.

#18 తొలిఝాము (ఐదు వారాల తర్వాత)

రెండంగుళాల లేటెక్స్ టాపర్ వేసి నెల దాటింది. మొదటి వారం నిజంగా నిరాశపడ్డాను. తుంటి బాగుంది కానీ మెడ పట్టేయడం మొదలైంది. ఇదేం ఖర్మ అనుకున్నా. తర్వాత అర్థమైంది: భుజం ఇప్పుడు లోపలికి దిగుతోంది, తల మాత్రం పాత ఎత్తు దిండు మీదే ఉంది, మెడ పైకి వంగుతోంది. కాస్త పల్చటి దిండు పెట్టుకున్నాక మూడు రోజుల్లో పోయింది. పరుపు మార్చినవాళ్లు దిండు కూడా చూసుకోండి, ఎవరూ ఈ మాట చెప్పరు.

మంచం మీద నా వైపు రెండంగుళాలు ఎత్తయింది, మధ్యలో మెట్టులా వచ్చింది. మావారు తన వైపు అదే మందం గట్టి ఫోమ్ వేయించుకున్నారు. ఇప్పుడు పైకి ఒకే మట్టం.

నిన్నటి అంకెలు: 1, 5, 3. వేళ్ల కణుపుల నొప్పిలో తేడా ఏమీ లేదు, అది పరుపుతో పోయేది కాదని తెలుసు. నడుము కండరాలు బలపడటానికి దగ్గర్లో ఫిజియో దగ్గరికి కూడా వెళ్తున్నాను, కాబట్టి అంతా టాపర్ చలవే అనను. తుంటి మంట మాత్రం టాపర్ వల్లే తగ్గింది. రెండు రాత్రులు తీసేసి చూశాను, రెండో రాత్రికే తిరిగొచ్చింది.

#19 రాత్రిబండి

కదలిక గారూ, రుమటాలజిస్టుని కలిశాను. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదు. కటి కీళ్ల ఎంఆర్ఐలో వాపు కనిపించింది. యాక్సియల్ స్పాండిలో ఆర్థ్రైటిస్ అన్నారు, మీరు అనుమానించిన రకం జబ్బే. మందులు మొదలుపెట్టి మూడు వారాలైంది, రోజూ వ్యాయామం తప్పనిసరి అన్నారు. నిన్న రాత్రి ఐదున్నర దాకా నిద్రపోయాను. అదే లేటెక్స్ పరుపు మీద. మీరు ఆరోజు ‘కొనకు’ అని గట్టిగా చెప్పకపోతే ఇప్పటికి నాలుగోది వచ్చేసేది.

#20 అమ్మకోసం

మెత్తటి టాపర్ తీసేశాను. అమ్మ మోకాలి మడత దాకా 16 అంగుళాలు, పరుపు కుంగాక మంచం ఎత్తు 15 వచ్చింది. మంచం కోళ్ల కింద పెట్టడానికి రెండున్నర అంగుళాల చెక్క దిమ్మలు చేయించాను, కోళ్లు జారకుండా మధ్యలో గుంట తొలిపించి. పక్కకి దొర్లి లేవడం పగటిపూట ఇద్దరం కలిసి నాలుగు రోజులు ప్రాక్టీస్ చేశాం. మొదట ‘ఈ వయసులో నాకు పడుకోవడం లేవడం నేర్పుతున్నావా’ అని కోప్పడింది. నిన్న రాత్రి లైటు స్విచ్చి వేసిన చప్పుడుకి నాకు మెలకువ వచ్చి వెళ్లేసరికి అమ్మ బాత్రూం నుంచి తిరిగొస్తోంది. మంచం పక్కన గ్లాసు ఖాళీగా ఉంది.